కొరికిన గారె

మన ఇళ్ళల్లో గ్యాసు రెండు రకాలు. ఒకటి వంటింట్లో సిలిండర్లో ఉండేది, రెండోది ఆడవాళ్ళ ఛాతీలో ఉండేది. మొదటిది అయిపోతే ఇల్లంతా గగ్గోలు. మగవాళ్ళు ఫోన్లు చేస్తారు, పిల్లలు పక్కింటికి పరిగెడతారు. రెండోది పట్టుకుంటే మాత్రం మూడో కంటికి తెలియదు. చిటికెడు వాము, నాలుగు ఉప్పు రాళ్ళు నోట్లో వేసుకుని, గోరువెచ్చని నీళ్ళు తాగి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడతాం. మగవాడికి ఛాతీ పట్టేస్తే అది గుండెనొప్పి, ఆడదానికి పట్టేస్తే గ్యాసు. ఈ శాస్త్రం ఎవరు రాశారో గాని, దాన్ని మనమే అందరికంటే ఎక్కువ నమ్మాం.

ఈ మాట ఎత్తింది మా తోడికోడలి కోసం. మా సూర్యాపేట వైపు యారాలు అంటాం. నాకంటే పదేళ్ళు పెద్దది కనక నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను చెల్లె అంటుంది. వాళ్ళుండేది ఎల్బీనగర్లో, మేముండేది దిల్‌సుఖ్‌నగర్లో. మధ్యలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, రెండే రెండు మెట్రో స్టేషన్లు. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చినప్పటి నుంచీ అక్క నూరిన పచ్చడి నా వేడి వేడి అన్నంలోకి అందుతోంది. ఇద్దరు తోడికోడళ్ళు ఇంత దగ్గరగా ఉండి కూడా పోట్లాడుకోవడం లేదేమిటా అని మా చుట్టాలకి పెద్ద చింత.

అక్కకి యాభై తొమ్మిది. పదేళ్ళుగా షుగరు. వాళ్ళ ఇంటికి పైన డాబా, డాబా మీద దండెం. రోజూ తడిబట్టల బకెట్ పట్టుకుని రెండంతస్తులు ఎక్కుతుంది. పోయినేడు వానాకాలం వెళ్ళాక ఏమైందో గాని, సగం మెట్లు ఎక్కేసరికి ఛాతీ మీద రుబ్బురోలు పెట్టినట్టు బరువు, ఎడమ దవడలో లాగుడు, ఆయాసం. మెట్టు మీద ఐదు నిమిషాలు కూర్చుంటే అంతా మాయం. మళ్ళీ బకెట్ అందుకోవడం.

"గ్యాసేనే చెల్లె. రాత్రి శనగపప్పు తిన్న, గందుకే," అనేది. వీధి చివర క్లినిక్కులో కూడా అదే మాట చెప్పి బిళ్ళలిచ్చారు. దవడ సంగతి పంటి డాక్టరుకి చెబితే, ఆయన వెనక పన్ను పుచ్చిందన్నాడు. పన్ను పీకించుకుంది. పన్ను పోయింది, నొప్పి మిగిలింది.

చివరికి మా బావగారే, మనిషి ఎప్పుడూ నోరు విప్పని వాడు, ఒకరోజు నాకు ఫోన్ చేసి, "మీ అక్క మెట్లమీద కూసుంటున్నదమ్మా. ముప్పై ఐదేండ్లల్ల ఎన్నడు కూసోలేదు," అన్నారు. అంతే, మర్నాడే గుండె డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను.

ఆయన మొదట స్టెతస్కోపు కూడా తీయలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "పని చేస్తుంటే వస్తుందా? ఆగితే పోతుందా?" అక్క అవునంది. ఈసీజీ తీశారు, బాగుంది. ఎకో తీశారు, అదీ బాగుంది. "చెప్పిన గద, ఏం లేదని!" అని అక్క చెంగు సర్దుకుని లేవబోయింది. డాక్టరు నవ్వి, "కూర్చోండమ్మా. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మీ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు చూసి, ఇక్కడ ట్రాఫిక్కే లేదంటే ఒప్పుకుంటారా? సోమవారం సాయంత్రం ఆరింటికి కదా చూడాలి!" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు సగం విషయం తేలిపోయింది. పడుకోబెట్టి తీసిన ఈసీజీ ఆదివారం ఐదు గంటల రోడ్డు. గుండెకి రక్తం తెచ్చే నాళం సగానికి పైగా మూసుకున్నా, ఊరికే కూర్చున్న మనిషికి ఆ వచ్చే రక్తం చాలవచ్చు. బకెట్ ఎత్తినప్పుడు గుండె రెండింతలు మూడింతలు అడుగుతుంది. అప్పుడే తెలుస్తుంది దారి ఎక్కడ ఇరుకో.

ట్రెడ్‌మిల్ మీద నడిపిద్దామంటే అక్కకి మోకాళ్ళు సహకరించవు. పైగా ఉత్త ట్రెడ్‌మిల్ ఈసీజీ ఆడవాళ్ళ విషయంలో లేని జబ్బుని ఉన్నట్టు చూపించడం ఎక్కువేనట. అందుకని 'స్ట్రెస్ థాలియం' రాశాడు. 1970ల నడిమి నుంచి ఈ పరీక్షకి థాలియం వాడేవారు. ఇప్పుడు చాలా చోట్ల వాడేది టెక్నీషియం. అయినా పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది, ఏ కంపెనీ వనస్పతి అయినా మనం డాల్డా అన్నట్టు.

చీటీ మీద 'న్యూక్లియర్' అన్న ముక్క చదివి ఇంట్లో అందరూ బెంబేలెత్తారు. నిజానికి మన తూర్పు హైదరాబాదు వాళ్ళకి అణువులు కొత్తవా ఏమిటి? ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే ఉప్పల్ మీదుగా ఈసీఐఎల్‌కి పోయే బస్సు కనిపిస్తుంది. ఆ ఈసీఐఎల్ 1967లో అణుశక్తి శాఖ పెట్టిన సంస్థే. దాని పక్కనే 1971 నుంచి అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ ఉంది. ఆ దారిన పోయి పెళ్ళిళ్ళు చేశాం, పేరంటాళ్ళు తిన్నాం. అయినా బస్సు బోర్డు మీద ఉండే అణువు వేరు, నరంలోకి ఎక్కించే అణువు వేరు. భయం సహజమే.

ఆ భయం పోవడానికి నేను నాలుగు పుస్తకాలు తిరగేశాను. మొదట దొరికింది ఒక పూటకూళ్ళింటి కథ! 1911 ప్రాంతంలో హెవెసీ అనే హంగరీ కుర్రవాడు ఇంగ్లండులో మాంచెస్టరులో చదువుకుంటూ ఒక ఇంట్లో భోజనానికి కుదిరాడట. ఆ ఇంటావిడ మిగిలిపోయిన మాంసాన్నే మర్నాడు మళ్ళీ వండి పెడుతోందని అతనికి అనుమానం. ఒకనాడు తన పళ్ళెంలో మిగిలినదాని మీద రవ్వంత రేడియోధార్మిక పదార్థం చల్లాడు. మర్నాటి వంటకం దగ్గర పరికరం పెడితే అది పట్టిచ్చింది. ఆవిడ దొరికిపోయింది. మన దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలకి ఈ పరికరం ఇంకా తెలియకపోవడం వార్డెన్ల అదృష్టం. నిన్నటి ఇడ్లీ ఇవాళ ఉప్మా అయిందని తేల్చడానికి వాళ్ళు పాపం నాలుకమీదే ఆధారపడుతున్నారు.

ఆ హెవెసీకే తరవాత 1943 సంవత్సరపు నోబెల్ బహుమానం వచ్చింది, ఇలా గుర్తు పెట్టి వెంబడించే పద్ధతికి. గుండె పరీక్షలోనూ చేసేది ఇదే. గుర్తు పెట్టిన మందుని నరంలోకి ఎక్కిస్తారు. అది రక్తంతో పాటు వెళ్ళి గుండె కండరంలో చేరుతుంది. రక్తం ఎక్కువ అందిన చోట ఎక్కువ, తక్కువ అందిన చోట తక్కువ. ఎక్స్‌రేలో కిరణం బయటినుంచి వచ్చి మనలోంచి పోతుంది. ఇక్కడ కిరణం మనలోంచే వస్తుంది. కెమెరా ఊరికే చూస్తుంది, అంతే.

యాంజియోగ్రాం ఉండగా ఇదెందుకని మావారు అడిగారు. మా కాలనీకి కృష్ణా నీళ్ళొచ్చే రోజు గుర్తుచేశాను. వీధిలో పైపు ఎంత లావుందో, ఎక్కడ సన్నబడిందో చూడడం ఒకటి. అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పినప్పుడు రెండో అంతస్తులో బిందె నిండిందా లేదా అని చూడడం ఇంకొకటి. యాంజియోగ్రాం పైపుని చూస్తుంది, ఈ పరీక్ష బిందెని చూస్తుంది. ఇంటి ఇల్లాలికి కావలసింది బిందె సంగతే కదా!

ఇక ఆ టెక్నీషియం అనేది మూలకాల పట్టికలో నలభై మూడోది. 1937లో ఇటలీలో పెరియె, సెగ్రే అనే ఇద్దరు దాన్ని కనిపెట్టారు. మనుషులు కృత్రిమంగా తయారుచేసిన మొదటి మూలకం అదే. ఆస్పత్రులకి అది ఎలా వస్తుందో చదివితే నాకు మా అమ్మమ్మగారి కొట్టం గుర్తొచ్చింది. సీసంతో కప్పిన ఒక డబ్బాలో మాలిబ్డినం ఉంటుంది. అది మెల్లమెల్లగా టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. పొద్దున్నే అందులోంచి సెలైన్ పోనిస్తే టెక్నీషియం కొట్టుకొస్తుంది. మళ్ళీ రేపటికి మళ్ళీ ఊరుతుంది. అందుకే ఆ డబ్బాని వాళ్ళు ఆవు అంటారు, ఆ పనిని పాలు పితకడం అంటారు. ఈ ఆవు ఓ వారం పాడి ఇచ్చి వట్టిపోతుంది, కొత్తది రావాలి. మన దేశంలో ఇటువంటి డబ్బాలని అణుశక్తి శాఖకే చెందిన 'బ్రిట్' అనే సంస్థ నవీ ముంబయి నుంచి పంపుతుంది.

ఈ పాలు నిలవ ఉండవు. ఆరు గంటలకోసారి బలం సగానికి సగం పడిపోతుంది. పొద్దున ఆరింటికి రూపాయి అనుకోండి. పన్నెండింటికి అర్ధరూపాయి, సాయంత్రం ఆరింటికి పావలా, అర్ధరాత్రికి బేడ, మర్నాడు పొద్దున ఆరింటికి ఒక్క అణా. పోగా ఒంట్లోంచి కొంత మూత్రంతో పోతుంది. అందుకే నీళ్ళు బాగా తాగమంటారు. ఈ లెక్క బేడలూ అణాలూ ఎరిగిన మా అత్తగారికి చెబితే ఆవిడకి ఠక్కున అర్థమైంది. మా అబ్బాయికి మాత్రం అర్ధగంట పట్టింది.

పరీక్షకి ముందు అక్కని అన్నిటికంటే బాధపెట్టింది సూది కాదు, చాయి. ఇరవై నాలుగు గంటలు చాయి, కాఫీ, చాక్లెట్టు, కూల్‌డ్రింకు ఏవీ ముట్టకూడదన్నారు. "చాయి లేకుంటే నా గుండె గట్లనే ఆగుతది, ఇగ పరీక్షెందుకు?" అంది. కారణం ఏమిటంటే, నడవలేని వాళ్ళకి గుండె నాళాలు విప్పారడానికి ఎడినోసిన్ అనే మందు ఎక్కిస్తారు. బాగున్న నాళం విప్పారుతుంది, ఇరుకైనది విప్పారలేదు. అలా తేడా బయటపడుతుంది. చాయిలోని కెఫీన్ ముందే వెళ్ళి ఆ తలుపు గడియ పట్టుకుని కూర్చుంటే మందు పని చేయదు.

ఆ ఎడినోసిన్ అన్న పేరు దగ్గర నేను ఒక్క క్షణం ఆగాను. 1895లో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో ఫిస్కేగారితో కలిసి 1929లో కండరాల్లో ఉండే ఏటీపీ అనే పదార్థాన్ని వెలికితీశారు. మనం బకెట్ ఎత్తినా, గరిట తిప్పినా ఖర్చయ్యే శక్తి అదే. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా దాన్ని కనిపెట్టారు. ఆ పేరులో మొదటి అక్షరం ఈ ఎడినోసిన్‌దే. ఎడినోసిన్ గుండెమీద ఏం చేస్తుందో ఇంగ్లండులో డ్రూరీ, సెంట్-జార్జీ అనేవాళ్ళు రాసిందీ ఆ 1929లోనే! ఇంత సంగతి చెప్పినా అక్క, "గాయన చాయి తాగేటోడా?" అని మాత్రమే అడిగింది.

పరీక్ష రోజు పొద్దున్నే వెళ్ళాం. ఛాతీ మీద లోహం ఉంటే కిరణాలకి అడ్డం కనక పుస్తెలతాడు తియ్యమంది నర్సమ్మాయి. అక్క మొహం చిన్నబోయింది. నేను సంచిలోంచి పసుపుతాడు, పసుపుకొమ్ము తీశాను. వెనక నిలబడ్డ ముసలమ్మ కూడా చెయ్యి చాచింది, "నాకూ ఒకటియ్యి బిడ్డా," అని. ఈ పరీక్షకి వెళ్ళే వాళ్ళ చీటీలో ఉపవాసం గురించి రాస్తారు, మందుల గురించి రాస్తారు గాని, పసుపుకొమ్ము గురించి ఎవరూ రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

ఎడినోసిన్ ఎక్కిన నాలుగైదు నిమిషాలూ అక్కకి మొహం వేడెక్కి, మెట్లమీది ఆ బరువే మళ్ళీ వచ్చింది. మందు ఆపగానే క్షణాల మీద తగ్గింది. ఆ మందు రక్తంలో నిలిచేది సెకన్ల లెక్కే. ఆ మధ్యలోనే టెక్నీషియం ఇచ్చారు. తరవాత ముప్పావుగంట ఆగి, చేతులు తలపైకి పెట్టి పడుకోమన్నారు. కెమెరా ఛాతీ చుట్టూ మెల్లగా తిరుగుతూ పోయింది. బయటికొచ్చాక అక్క అన్న మాట: "పెండ్లయినంక ఇర్వై నిమిషాలు ఊకె పండుకున్నది ఇయ్యాల్నే చెల్లె. అదీ చేతులు పైకి పెట్టుకొని."

మరో రోజు మళ్ళీ వెళ్ళి విశ్రాంతిగా ఉన్నప్పటి బొమ్మ తీయించుకున్నాం. శ్రమ బొమ్మ ఒకటి, విశ్రాంతి బొమ్మ ఒకటి, రెండూ పక్కన పెట్టి చూడాలి. డాక్టరు కంప్యూటరు తిప్పి చూపించాడు. గుండెని అడ్డంగా కోసిన ముక్కలు, పచ్చగా ఎర్రగా, నడుమ చిల్లుతో, అచ్చం గారెల్లా వరసగా ఉన్నాయి. కింది వరస విశ్రాంతిది. గారెలన్నీ నిండుగా ఉన్నాయి. పై వరస శ్రమది. అందులో గారెలు కింది పక్క ఎవరో కొరికినట్టున్నాయి. "కింద నిండుగా ఉంది చూశారా, ఆ కండరం బతికే ఉంది. దానికి పని ఎక్కువైనప్పుడు అన్నం అందడం లేదు. రెండు వరసల్లోనూ కొరికి ఉంటే, ఆ భాగం పాత దెబ్బకి మచ్చ కట్టినట్టు," అన్నాడు.

అక్క చాలాసేపు ఆ బొమ్మ చూసింది. తరవాత మెల్లగా, "అయితే గ్యాసు కాదన్నట్టు," అంది. ఆ గొంతులో భయం కంటే ఇంకేదో ఉంది. ఇన్నాళ్ళూ తన మాట తనే నమ్మని మనిషికి మొట్టమొదటిసారి ఒక సాక్షి దొరికినట్టు. బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత యాంజియోగ్రాంలో ఒక నాళం ఇరుకైందని తేలి, స్టెంటు వేశారు, మందులు రాశారు. ఇప్పుడు డాబా మీదికి బకెట్ మోసేది బావగారు. దండెం మీద చీరలు వంకరగా ఆరుతున్నాయని అక్క కింద నుంచి కేకలేస్తుంది.

అయితే అమ్మలారా, ఇది చదివి అందరూ రేపే క్యూ కట్టమని నా ఉద్దేశం కాదు. ఇది జాతరలో ఫోటో కాదు. ఒక పరీక్షకి ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు పది మిల్లీసీవర్టులు. నేలనుంచీ గాలినుంచీ ఆకాశంనుంచీ మనిషికి ఏడాదికి తగిలేది ప్రపంచం మొత్తం మీద సగటున 2.4. అంటే నాలుగేళ్ళది ఒక్కసారే. అవసరం ఉన్నవాళ్ళకి అది పెద్ద లెక్క కాదు. అవసరం లేనివాళ్ళు సరదాకి చేయించుకునేదీ కాదు. కడుపుతో ఉన్నా, ఉన్నామేమోనన్న అనుమానం ఉన్నా, చంటిపిల్లకి పాలిస్తున్నా ముందే చెప్పాలి. ఉబ్బసం ఉంటే అదీ చెప్పాలి, వాళ్ళకి వేరే మందు వాడతారు. పరీక్ష అయిన రోజు చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకోవద్దంటారు. అక్క ఆ ఒక్కరోజూ మనవణ్ణి గుమ్మం అవతలి నుంచే ముద్దు చేసింది.

ఆడవాళ్ళ బొమ్మల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. రొమ్ముల నీడ పడి గుండె ముందు భాగం మసకగా, జబ్బున్నట్టే కనిపించవచ్చు. అనుభవం ఉన్నవాళ్ళు అది కనిపెట్టి చదువుతారు. పెద్ద నాళాలు శుభ్రంగా ఉన్నా, కంటికి ఆనని సన్న నాళాల్లో ఇబ్బంది ఉండడం కూడా ఆడవాళ్ళలో ఎక్కువేనట. కాబట్టి యాంజియోగ్రాం బాగుందన్నారని నొప్పిని మింగి ఊరుకోకండి, మళ్ళీ అడగండి. ఇక కూర్చున్నా తగ్గని నొప్పి, చల్లని చెమటలు, వాంతి వచ్చినట్టుండడం, వీటికి ఏ స్కానూ వాము గింజా కాదు, 108కి ఫోన్ చెయ్యడమే.

అక్క ఆ గారెల బొమ్మ కాగితాన్ని బీరువాలో చీటీ పాటల పుస్తకం పక్కన దాచుకుంది. సరూర్‌నగర్ రైతుబజారుకి పోయినా, గుడికి పోయినా, ఎవరైనా ఆడమనిషి ఛాతీ రుద్దుకుంటూ కనిపిస్తే చాలు, సంచీ కింద పెట్టి నిలబెట్టి అడుగుతుంది: "పని చేస్తుంటె వస్తదా? ఆగితె పోతదా?" డాక్టరు అడిగిన ప్రశ్నే. ఇంత పెద్ద కెమెరా తిరిగి తిరిగి తేల్చేది కూడా చివరికి ఆ ప్రశ్నకి జవాబే. ఆవిడ ఆ మాట అడిగిన మొదటి నెలలోనే మా వీధిలో ఇద్దరు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఒకరికి నిజంగానే గ్యాసు. రెండో ఆవిడకి కాదు.